ఆరు వారాల నుంచి ఫిల్టర్ నడుస్తూనే ఉంది, చెత్త మెయిళ్ళు మాత్రం ఇన్‌బాక్స్‌లోకే వస్తున్నాయి

గుంటూరు_పోస్ట్‌బాక్స్ | 6 మార్చి 2024, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటాను. అసలు పని గోదాముల స్టాకు లెక్కలు. కంప్యూటర్ వచ్చు కదా అని ఇది కూడా నా నెత్తిన పెట్టారు. 38 మెయిల్‌బాక్సులు. అద్దె సర్వర్, దాని మీద మెయిళ్ళు అందుకుని పంపే పోస్ట్‌ఫిక్స్, వెనక చెత్త మెయిళ్ళు పట్టే ఫిల్టర్ స్పామ్‌అసాసిన్. మూడేళ్ళుగా దాని జోలికి పోవాల్సిన పనే పడలేదు.

ఆరు వారాల నుంచి సేల్స్ మెయిల్‌బాక్సులోకి రోజుకు పాతిక ముప్ఫై చెత్త మెయిళ్ళు నేరుగా వచ్చేస్తున్నాయి. లాటరీలు, మందుల ప్రకటనలు కావు ఇవి. ఒక రకం ఏదో విదేశీ కంపెనీ పేరుతో "ధర చెప్పండి" అని, కింద ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు. తెరిస్తే మన మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంకో రకం "మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది" అని ఒక బొమ్మ, అందులోనే క్యూఆర్ కోడ్. చదవడానికి అక్షరం ముక్క ఉండదు. మూడోది గూగుల్ డ్రైవ్‌లో ఎవరో ఫైలు షేర్ చేశారంటూ సాక్షాత్తూ గూగుల్ నుంచే వచ్చే నోటిఫికేషన్.

ఫిల్టర్ ఒక్కో మెయిల్‌కి అనుమానాన్ని బట్టి మార్కులు వేస్తుంది, హద్దు చేరితే స్పామ్. నేను చేసిందల్లా ఆ స్కోరు హద్దును 5 నుంచి 3కి దించడం. మర్నాడే కొలంబో పార్టీ ఆర్డర్ మెయిల్ స్పామ్ ఫోల్డర్లో పడింది. రెండు రోజులు ఎవరూ చూడలేదు. మా ఎండీ గారి చేత తిన్న చివాట్లు ఇక్కడ రాయలేను. పోనీ చెత్త తగ్గిందా అంటే అదీ లేదు. ఏం చేయమంటారు?

కాకినాడ_కుర్రోడు | 6 మార్చి, రాత్రి 10:31

సింపుల్ అన్నా. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే తనిఖీలు ఉన్నాయి కదా, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మూడూ చెక్ చెయ్, ఫెయిలైనవి వెనక్కి కొట్టు. గత నెల నుంచి గూగుల్, యాహూ కూడా పెద్ద ఎత్తున పంపేవాళ్ళకి ఇవి తప్పనిసరి చేశాయి. ఈ కాలంలో కూడా స్పామ్‌అసాసిన్ ఏంటి?

నీలిమ_నెట్ | 6 మార్చి, రాత్రి 11:05

పోస్ట్‌బాక్స్ గారూ, ముందు హద్దును మళ్ళీ 5కి పెట్టేయండి. స్పామ్‌అసాసిన్‌లో ఒక్కో రూల్‌కి ఇచ్చిన మార్కులు హద్దు 5 అనుకుని కట్టిన లెక్క. దాన్ని 3 చేస్తే పాస్ మార్కులు మార్చి పేపరు మాత్రం పాతదే ఇచ్చినట్టు.

తర్వాత, జారిపోయిన మెయిళ్ళలో ఒక నాలుగింటి హెడర్లు (మెయిల్‌తో పాటు దాగి వచ్చే వివరాలు) తీసి, ఏ రూల్స్ తగిలాయో ఆ వరుస పెట్టండి. పేర్లు, అడ్రస్‌లు తీసేసి.

కుర్రోడు గారూ, ఆ నాలుగింటికీ డీకిమ్ పాస్ అయి ఉంటుందని నా పందెం.

గుంటూరు_పోస్ట్‌బాక్స్ | 7 మార్చి, ఉదయం 8:20

హద్దు 5కి పెట్టేశానండి. నాలుగింటిలోనూ దాదాపు ఒకటే వరుస. డీకిమ్_వ్యాలిడ్: మైనస్ 0.1. ఎస్‌పీఎఫ్_పాస్: సున్నా అనుకోవచ్చు. బేయెస్_00: మైనస్ 1.9. యూఆర్‌ఐబీఎల్_బ్లాక్డ్: 0.001. మొత్తం స్కోరు మైనస్‌లో ఉంది!

చివరిదాంట్లో బ్లాక్డ్ అని ఉంది కదా, అంటే ఆ లింకును ఆపేసిందనే కదా? మరి లోపలికి ఎలా వచ్చింది?

నీలిమ_నెట్ | 7 మార్చి, ఉదయం 9:02

పందెం గెలిచాను. కానీ అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉంది. బ్లాక్ అయింది ఆ లింకు కాదు, మీరు.

స్పామ్‌హౌస్, యూఆర్‌ఐబీఎల్ లాంటి వాళ్ళ నల్లజాబితాలను ఫిల్టర్ డీఎన్‌ఎస్ (ఇంటర్నెట్‌లో పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థ) ద్వారా అడుగుతుంది. "ఫలానా ఐపీ మీ జాబితాలో ఉందా? ఫలానా డొమైన్ ఉందా?" అని. చిన్నవాళ్ళకి ఇది ఉచితం, కానీ ఎవరు ఎంత వాడుతున్నారో వాళ్ళు చూసుకుంటారు. మీ సర్వర్ గూగుల్ అందరికీ తెరిచి పెట్టిన 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్‌ఎస్ సర్వర్ గుండా అడిగితే ప్రశ్న మీ పేరు మీద పోదు. లక్షల మంది ప్రశ్నలతో కలిసి గూగుల్ పేరు మీద పోతుంది. వాళ్ళు "మీకు చెప్పం" అంటారు. ఫిల్టర్ మారు మాట్లాడకుండా 0.001 వేసి ఊరుకుంటుంది. లాగ్‌లో ఎర్రర్ కూడా రాదు.

ఈ జాబితాలను పోస్ట్‌ఫిక్స్‌లోనే నేరుగా పెట్టుకున్నవాళ్ళకి ఇంతకంటే ప్రమాదం. ఏ జవాబుకు ఏం చేయాలో విడిగా రాయకపోతే, "మీకు చెప్పం" అన్న జవాబును కూడా "వీడు దొంగ" అన్నట్టే తీసుకుని మంచి మెయిళ్ళన్నీ వెనక్కి తిప్పేస్తుంది. ఆ లెక్కన మీరు అదృష్టవంతులే.

ఆరు వారాల కిందట సర్వర్లో ఏం కదిపారు?

గుంటూరు_పోస్ట్‌బాక్స్ | 7 మార్చి, ఉదయం 9:15

సంక్రాంతి వెళ్ళాక ప్రొవైడర్ మారాం అండి... అద్దె తక్కువని. ఇప్పుడే చూశాను, కొత్త సర్వర్లో డీఎన్‌ఎస్ 8.8.8.8 అనే ఉంది.

నీలిమ_నెట్ | 7 మార్చి, ఉదయం 9:18

సర్వర్లోనే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్ వేసుకోండి. ప్రశ్న ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా తనే వెళ్ళి అడిగేలా పెట్టండి. పది నిమిషాల పని.

సర్వర్_సాంబయ్య | 7 మార్చి, మధ్యాహ్నం 1:40

నీలిమ గారు సగం రోగం పట్టేశారు. మిగతా సగం ఆ బేయెస్_00లో ఉంది. బేయెస్ అంటే పాత మెయిళ్ళ మాటలు చూసి మంచీ చెడూ నేర్చుకునే భాగం. ఆ రూల్ తగిలిందంటే "ఇది నూటికి నూరు పాళ్ళు మంచి మెయిలు" అని మీ ఫిల్టర్ ఒట్టేసి చెబుతున్నట్టు. అలా చెప్పడం దానికి నేర్పిందెవరు? మీరు కాదు, అదే నేర్చుకుంది.

స్పామ్‌అసాసిన్‌లో ఆటోలెర్న్ అని ఒకటి మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. బేయెస్ మార్కు కలపకుండా మిగతా రూల్స్ స్కోరు 0.1 కంటే తక్కువ వస్తే "మంచిది" అని, 12 దాటితే "చెత్త" అని తనకు తానే పాఠం చెప్పుకుంటుంది. నల్లజాబితాలు పనిచేసినన్నాళ్ళూ ఈ దొంగ మెయిళ్ళకి అక్కడ మార్కులు పడేవి. అవి ఆగిపోయాయి. పైగా డీకిమ్ సరిగ్గా ఉంది కాబట్టి మైనస్ 0.1. ఇంకేముంది, చెత్తనంతా మంచిదని ఆరు వారాల పాటు బుద్ధిగా చదువుకుంది. ఇప్పుడు డీఎన్‌ఎస్ బాగుచేసినా ఆ మైనస్ 1.9 పడుతూనే ఉంటుంది.

మీ ఊరి యార్డులో తాలు కాయలు ఏరే ఆడవాళ్ళని చూసే ఉంటారు. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి రోజే తాలు కాయ చూపించి ఇదే మేలు రకం అని చెబితే సాయంత్రానికి కుప్పలు తారుమారవుతాయి. ఇక్కడ జరిగిందీ అదే.

ఆటోలెర్న్ ఆపేయండి. బేయెస్ డేటాబేస్ తుడిచేయండి. చేత్తో ఏరిన మంచివి కనీసం 200, చెత్తవి కనీసం 200 నేర్పండి. ఆ సంఖ్య రెండు వైపులా నిండేదాకా అది నోరు మెదపదు, కంగారు పడకండి.

కాకినాడ_కుర్రోడు | 7 మార్చి, మధ్యాహ్నం 2:10

సాంబయ్య గారూ, డీకిమ్ సరిగ్గా ఉన్న మెయిల్ చెత్త ఎలా అవుతుంది? అది సంతకం. సంతకం సరిగ్గా ఉంటే నమ్మాలి కదా.

సర్వర్_సాంబయ్య | 7 మార్చి, మధ్యాహ్నం 2:35

బాబూ, ఆధార్ కార్డు చూపించినవాడు ఎవరో తెలుస్తుంది. మంచివాడో కాదో తెలుస్తుందా? ఎస్‌పీఎఫ్, డీకిమ్ చెప్పేది కూడా అంతే. ఇది నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చింది, దారిలో ఎవరూ మార్చలేదు అని. ఈ రోజు ఒక డొమైన్ కొని, మూడూ పద్ధతిగా పెట్టుకుని, రేపటి నుంచి చెత్త పంపేవాడు ఉన్నాడు. అంతకంటే తెలివైనవాడు ఇంకొకడి అసలు మెయిల్ పాస్‌వర్డే కొట్టేసి, వాళ్ళ సర్వర్ నుంచే పంపుతాడు. అక్కడ సంతకం అసలుదే. చేతులే వేరు.

డీమార్క్ వద్దనడం లేదు. మన పేరు పెట్టుకుని ఇంకొకడు పంపకుండా అది కాపాడుతుంది. పోస్ట్‌బాక్స్ గారి బాధ అది కాదు.

తెనాలి_టైపిస్టు | 7 మార్చి, సాయంత్రం 6:50

ఈ బేయెస్ ఏంటో కొంచెం తెలుగులో చెప్పండి సార్. నాకు టైపింగ్ తప్ప ఏమీ రాదు, కానీ ఈ చర్చ సీరియల్‌లా చదువుతున్నా.

సర్వర్_సాంబయ్య | 7 మార్చి, రాత్రి 9:30

చెబుతాను. కొంచెం పాత కథ కలుస్తుంది, ఓపిక పట్టాలి.

మొదట్లో ఫిల్టర్ అంటే నిషిద్ధ పదాల జాబితా. వయాగ్రా లాంటి మందు పేరు కనిపిస్తే ఆపు. వాళ్ళు ఆ పేరులో 'ఐ' తీసి '1' పెట్టారు. మనం అదీ చేర్చాం. వాళ్ళు అక్షరాల మధ్య చుక్కలు పెట్టారు. మనమూ వెనకాలే. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ ఈ పరుగు దండగ అన్నాడు. మీకొచ్చిన మంచి మెయిళ్ళు ఒక కుప్ప, చెత్త ఒక కుప్ప పెట్టండి, ఒక్కో మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి, కొత్త మెయిల్లో బాగా తేడా చూపే 15 మాటలు తీసుకుని సంభావ్యత కట్టండి అన్నాడు. బేయెస్ అంటే ఈ లెక్కే. తమాషా ఏంటంటే ఎర్ర రంగుకు వాడే ఎఫ్‌ఎఫ్0000 అనే కోడ్ బూతు మాటలతో సమానంగా స్పామ్‌ని పట్టించిందట. మనిషి కూర్చుని రూల్ రాస్తే అది తడుతుందా?

దీని బలం ఎక్కడంటే, మీ మంచి కుప్పలో ఏ మాటలున్నాయో స్పామర్‌కి తెలీదు. పోస్ట్‌బాక్స్ గారికైతే తేజ, 334 అనే మిర్చి రకాలు, ఆస్టా రంగు విలువ, అఫ్లటాక్సిన్ రిపోర్ట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్. వీటిలో మూడు కనిపిస్తే అది బేరమే.

వాళ్ళు ఊరుకోలేదు. మెయిల్ అడుగున తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు, కనపడకుండా, ఏవో కథల్లోంచి మంచి మాటలు గుప్పించారు. 2006 వచ్చేసరికి అసలు అక్షరాలే మానేసి బొమ్మ పంపారు. మనం బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ పెట్టాం. వాళ్ళు బొమ్మ నిండా చుక్కలు చల్లారు, ప్రతి కాపీకి చుక్కల చోటు మార్చారు. 2007లో పీడీఎఫ్ వచ్చింది. మీకొచ్చే క్యూఆర్ బొమ్మ దానికి మనవడు. ఫోన్‌తో స్కాన్ చేయిస్తాడు, అంటే ఆఫీసు కంప్యూటర్లో ఉన్న కాపలా అంతా పక్కకి పోయినట్టే.

అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీలో రాత్రి డ్యూటీ. 2008 నవంబరు 12 తెల్లవారుజామున మెయిల్ గ్రాఫ్ కొండ మీంచి దూకినట్టు పడిపోయింది. సర్వర్ చచ్చిందనుకుని మేనేజర్‌ని నిద్ర లేపాను. చచ్చింది మాది కాదు. అమెరికాలో మెకోలో అనే హోస్టింగ్ కంపెనీ లైను తెంచేశారు. బాట్‌నెట్లకి, అంటే దొంగలు లోబరుచుకున్న కంప్యూటర్ల గుంపులకి, ఆజ్ఞలిచ్చే యంత్రాలు అక్కడుండేవి. ఒక్క పూటలో ప్రపంచంలో స్పామ్ సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలలు హాయిగా పడుకున్నాం, మళ్ళీ మామూలే.

నీలిమ_నెట్ | 7 మార్చి, రాత్రి 9:52

2010 జనవరి 1 కూడా చెప్పండి సార్, మీరు వదిలేశారు!

సర్వర్_సాంబయ్య | 7 మార్చి, రాత్రి 10:04

అది గుర్తుచేయొద్దమ్మా. స్పామ్‌అసాసిన్‌లో "తేదీ మరీ భవిష్యత్తులో ఉంది" అని ఒక రూల్. రాసినప్పుడు 2010 ఎక్కడో దూరంగా కనిపించినట్టుంది, 2010 నుంచి ఏ సంవత్సరమైనా భవిష్యత్తే అని పెట్టారు. జనవరి ఒకటిన తెల్లారేసరికి లోకంలో ప్రతి మెయిలూ భవిష్యత్తు నుంచి వచ్చిందే. ఒక్క రూల్‌తో మూడుకు పైగా మార్కులు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఎన్నో స్పామ్‌లో. ఆ రోజు స్పామర్లు ఏ ఎత్తూ వేయక్కర్లేకపోయింది.

తెనాలి_టైపిస్టు | 8 మార్చి, ఉదయం 7:15

శివరాత్రి పూట మంచి కాలక్షేపం. మరి తెలుగులో రాసిన స్పామ్ వస్తే పట్టుకుంటుందా?

నీలిమ_నెట్ | 8 మార్చి, ఉదయం 11:30

తక్కువే పట్టుకుంటుంది. మన భాష తీరే అంత. ఖాతా, ఖాతాలో, ఖాతాకు, ఖాతాదారులు అన్నీ దానికి వేరువేరు మాటలు. దానికి తోడు పాత వెర్షన్లలో 15 బైట్లు దాటిన పదంలో ఇంగ్లిష్ కాని అక్షరాలుంటే రెండేసి బైట్లుగా తుంచేసేది. కంప్యూటర్ అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. 'ఖాతా' 12 బైట్లు, బతికిపోతుంది. 'ఖాతాలో' 18, ముక్కలవుతుంది. మూడింటిని రెండేసిగా తుంచితే మిగిలేది పొట్టు.

కానీ నిజం చెప్పాలంటే తెలుగు దొంగలు మెయిల్ దాకా రారు, వాట్సాప్‌లోనే పని కానిచ్చేస్తారు. మెయిల్లో వచ్చినా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. అందులో 'అయ్యింది' అన్న ఒక్క మాటకే పది స్పెల్లింగులు.

డల్లాస్_బాబాయి | 9 మార్చి, ఉదయం 6:45

అందరూ దొంగల్ని ఎలా ఆపాలో మాట్లాడుతున్నారు. మేం దొరలం, మమ్మల్నే ఆపుతున్నారు. ఇక్కడ ఒక తెలుగు సంఘానికి మెయిళ్ళు పంపేది నేను. వచ్చే నెల ఉగాది. ఆరు వేల మందికి ఆహ్వానం పంపాలి. పోయినసారి సంక్రాంతి మెయిలు చాలామందికి జీమెయిల్లో స్పామ్‌లో పడింది. పులిహోర ఎక్కడ దొరుకుతుందో రాస్తే స్పామా?

నీలిమ_నెట్ | 9 మార్చి, ఉదయం 10:20

బాబాయ్ గారూ, కుర్రోడు గారు చెప్పిన కొత్త నిబంధనలు మీకే. రోజుకు 5,000 దాటి జీమెయిల్‌కి పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. ప్రచార మెయిళ్ళకి ఒక్క నొక్కుతో చందా మానుకునే బటన్ ఉండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్ళు 0.3 శాతానికి చేరకూడదు. 0.1 లోపే ఉంచుకోమని వాళ్ళ సలహా. మీ ఆరు వేల మందీ జీమెయిల్ వాళ్ళే అనుకుంటే 18 మంది చాలు మీ పరువు తీయడానికి.

సంఘం వదిలేసి ఊరు మారినవాళ్ళు, పాత జాబితాలో ఉండిపోయినవాళ్ళు 18 మంది ఉండరా? మానుకునే దారి వెతకలేక వాళ్ళు స్పామ్ బటనే నొక్కుతారు. రెండేళ్ళుగా ఒక్క మెయిలూ తెరవని వాళ్ళని తీసేయండి.

డల్లాస్_బాబాయి | 9 మార్చి, ఉదయం 10:41

తీసేస్తే పాత అధ్యక్షుడు కూడా పోతాడమ్మా. సరే, తీసేస్తా.

కాకినాడ_కుర్రోడు | 10 మార్చి, రాత్రి 8:00

గ్రేలిస్టింగ్ గురించి ఎవరూ అనలేదేంటి? కొత్తవాడు పంపితే "కాసేపాగి రా" అని తిప్పి పంపడం. బాట్‌లు మళ్ళీ రావు.

సర్వర్_సాంబయ్య | 10 మార్చి, రాత్రి 8:25

2003లో వచ్చినప్పుడు అద్భుతంగా పనిచేసింది. అప్పటి బాట్‌లకి క్యూ పెట్టుకుని మళ్ళీ ప్రయత్నించే ఓపిక లేదు. ఇప్పుడు దొంగిలించిన అకౌంట్ నుంచి పంపేవాడి వెనక అసలైన సర్వర్ ఉంటుంది, అది నాలుగైదు గంటలైనా ఓపిగ్గా మళ్ళీ తలుపు తడుతుంది. ఆగిపోయేది మీ ఓటీపీ. పది నిమిషాల్లో చెల్లిపోయే ఓటీపీ పదిహేనో నిమిషాన వస్తుంది. అనుమానం ఉన్నవాటికి మాత్రమే పెట్టుకుంటే ఫర్వాలేదు. ఆర్‌స్పామ్‌డీ అనే ఇంకో ఫిల్టర్ అలాగే చేస్తుంది, స్కోరు 4 దాటినవాటినే ఆపి రమ్మంటుంది.

గుంటూరు_పోస్ట్‌బాక్స్ | 30 మార్చి, రాత్రి 11:20

మూడు వారాలు మాయమైనందుకు మన్నించాలి, సీజన్ కదా, యార్డు నిండా బస్తాలే.

అన్‌బౌండ్ వేశాను. బేయెస్ తుడిచి 260 చెత్త, 400 మంచివి నేర్పాను. సేల్స్ బాక్సులో రోజుకు పాతిక ముప్ఫై పడేవి ఇప్పుడు మూడు నాలుగు. హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు తగిలించిన మెయిళ్ళు మాకు నిజంగా ఎవరూ పంపరు కాబట్టి వాటిని విడిగా ఒక ఫోల్డర్లోకి తోస్తున్నా. గూగుల్ డ్రైవ్ నోటిఫికేషన్లకి మాత్రం మందు దొరకలేదు. గూగుల్‌ని ఆపలేను కదా.

కానీ మొన్న గురువారం జరిగింది వేరు. మా ఓడ కిరాయి చూసే ఏజెంట్ నుంచి మా అకౌంటెంట్ గారికి మెయిల్. పాత ఉత్తరాల వరుసలోనే జవాబు. కంటైనర్ నంబరు సరైనదే, మొత్తం సరైనదే. "ఆడిట్ జరుగుతోంది, ఈసారికి కొత్త బ్యాంక్ అకౌంట్‌కి పంపండి" అని. లింకు లేదు, ఫైలు లేదు, తప్పు ఇంగ్లిష్ కూడా లేదు. స్కోరు మైనస్ 1.4. అన్నీ మా మాటలే మరి! డొమైన్ పేరులో 'ఎమ్' అక్షరం ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టారు. రెండూ అతుక్కుని ఎమ్ లాగే కనపడతాయి. ఆవిడ కళ్ళద్దాలు మార్చుకుని ఫోన్లో పెద్దగా చేసి చూడబట్టి బయటపడ్డాం. పద్నాలుగు లక్షలు.

సర్వర్_సాంబయ్య | 31 మార్చి, ఉదయం 6:10

ఆవిడకి నా తరఫున నమస్కారం చెప్పండి.

దొంగిలించిన ఉత్తరాల వరుసలోనే జవాబివ్వడం ఎమోటెట్ అనే మాల్‌వేర్ గుంపు పెద్ద ఎత్తున చేసి చూపించింది. 2021 జనవరిలో పోలీసులు దాన్ని పడగొట్టారు, నవంబరుకల్లా తిరిగొచ్చింది. మీ మంచి కుప్పలో ఏ మాటలున్నాయో స్పామర్‌కి తెలీదని పైన నేనే రాశాను. ఇప్పుడు తెలుసు. మీ ఏజెంట్ మెయిల్‌బాక్సులో కూర్చుని చదివాడు. ముందు ఆ ఏజెంట్‌కి చెప్పి పాస్‌వర్డ్‌లు మార్పించండి, ఫార్వర్డింగ్ రూల్స్ ఏమైనా దొంగచాటుగా పెట్టారేమో చూడమనండి.

నీలిమ_నెట్ | 31 మార్చి, ఉదయం 9:00

ఫిల్టర్ వైపు ఒకటి చేయొచ్చు. మీరు డబ్బు పంపే పార్టీలు మహా అయితే పాతిక ఉంటాయి. ఆ డొమైన్లకి ఒకటి రెండు అక్షరాల తేడాతో ఏదొచ్చినా పైన ఎర్రగా హెచ్చరిక పడేలా రూల్ రాయండి. మిగతాది ఫిల్టర్ పని కాదు. అకౌంట్ నంబరు మారితే పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేయాలి. కొత్త మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు. డబ్బు పోయాక తెలిస్తే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకులో సొమ్ము కదలకుండా ఆపే అవకాశం అప్పుడే.

గుంటూరు_పోస్ట్‌బాక్స్ | 12 ఏప్రిల్, రాత్రి 9:45

రూల్ రాశాను, పనిచేస్తోంది. కొంచెం ఎక్కువే పనిచేస్తోంది.

మాకు గోనె సంచులు వేసే పార్టీ ఒకరు ఈ నెల నిజంగానే బ్యాంకు మార్చారట. డొమైన్ కూడా కొత్తది తీసుకున్నారు, పాత పేరుకు ఒక్క అక్షరం తేడా. ఆ మెయిల్‌కి 6.1 పడి స్పామ్‌లోకి పోయింది. వారం రోజులుగా మెయిళ్ళు పెడుతున్నాం చూడరేంటని ఈ రోజు ఫోన్లో కేకలు. ఈ మెయిల్‌ని మంచిదని నేర్పేయనా?

నీలిమ_నెట్ | 12 ఏప్రిల్, రాత్రి 9:51

ఆ ఫోన్ మీరు చేశారా, వాళ్ళ నుంచి వచ్చిందా?

గుంటూరు_పోస్ట్‌బాక్స్ | 12 ఏప్రిల్, రాత్రి 9:58

వచ్చింది.

రేపు పొద్దున్నే పాత బిల్లు తీయిస్తాను.